తోసిరాజనవచ్చునా? – ఆవిరి కవాటము నుండి సాఫ్టువేరు చట్రము వరకు

ప్రెషరు కుక్కరు లేని ఇల్లు నేడు అరుదు. దాని మూతను ఒకసారి పరిశీలింపుడు. మధ్యలో ఒక బరువు ఉండును. లోపలి ఆవిరి పీడనము ఒక మితిని దాటగనే ఆ బరువు లేచి, ఈల వేసి, కొంత ఆవిరిని వెలికి విడుచును. బడికి వేళ మించుచున్నచో అమ్మ గరిటె కొనతో ఆ బరువును కొంచెము పైకెత్తి, ఆవిరిని ముందుగనే పోనిచ్చును. అదే మూతమీద ప్రక్కగా ఒక చిన్న బిళ్ల కూడ ఉండును. బరువు క్రింది రంధ్రము ఏ పప్పుతోనో మూసికొనిపోయి పీడనము, వేడి ప్రమాదకరముగ పెరిగినచో, బిళ్లలోని లోహము కరిగి ఆవిరికి దారి యిచ్చును. ఈ బిళ్లను ఎత్తుటకు పిడి లేదు. బిగించుటకు మర లేదు.

ఒకే మూతమీద తయారుచేసినవాడు రెండు వేర్వేరు నిర్ణయములు చేసినాడన్నమాట. ఒకచోట, “అవసరమైనపుడు నీవు జోక్యము చేసికొనవచ్చును” అనుచున్నాడు. రెండవచోట, “ఇక్కడ నీకు పని లేదు” అనుచున్నాడు. ఏ మాట ఎక్కడ అనవలెనో తేల్చుకొనుట యంత్రశాస్త్రములో చాల పాత సమస్య. దాదాపు మూడున్నర శతాబ్దముల క్రిందట ఆవిరితో మొదలైన ఆ సమస్య నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి ముందుకు వచ్చి నిలిచినది.

ప్రశ్న ఏమి?

నేడు ప్రోగ్రాము వ్రాయువారెవరును మొదటి అక్షరము నుండి తామే వ్రాయరు. తెరమీద పేజీని చూపుట, వాడుకరి పేరును సరిచూచుట, లెక్కలను భద్రపరచుట వంటి పనులన్నిటికిని ముందుగనే సిద్ధముచేసిన ఒక చట్రమును తీసికొందురు. దీనినే సాఫ్టువేరు ఫ్రేంవర్కు అందురు. బ్యాంకులో అచ్చువేసి యిచ్చు ఫారము వంటిది ఇది. ఫారములో ఖాళీలు ఉండును. మనము వానిని నింపుదుము. మిగిలిన వాక్యములన్నియు బ్యాంకువారివే.

కాని ఒక్కొక్కప్పుడు ఖాళీలు నింపినంత మాత్రమున పని తీరదు. అచ్చువేసిన వాక్యమునే కొట్టివేసి, దాని స్థానమున మన వాక్యము వ్రాయవలసి వచ్చును. చట్రము తనంతట తాను చేయు పనిని మాన్పించి, అదే పేరుతో మన పనిని పెట్టుటను ఓవర్‌రైడు చేయుట అందురు. తెలుగులో దీనికి చక్కని మాట కలదు: తోసిరాజనుట. చట్రము వ్రాసినవారు తమ వాక్యములను ఇట్లు తోసిరాజనుటకు అనుమతింపవలెనా, కూడదా? ఇది భాషాపండితుల తర్కము వంటిది కాదు. దీనిపై మనుష్యుల ప్రాణములు ఆధారపడిన సందర్భములు ఉన్నవి.

పాపిన్ పాత్ర, రామ్స్‌బాటం స్ప్రింగు

ఫ్రాన్సు దేశస్థుడైన డెనిస్ పాపిన్ 1679లో లండనులోని రాయల్ సొసైటీవారికి ఒక వింత పాత్రను చూపెను. గట్టి మూత గల ఆ పాత్రలో ఎముకలు సైతము మెత్తబడునట్లు ఉడుకును. మన కుక్కరునకు అదియే పూర్వజము. ఆవిరి ఒత్తిడికి పాత్ర పగులకుండ అతడు మూతకు ఒక కవాటమును అమర్చి, మీటకు బరువు వ్రేలాడదీసెను. రక్షణ కవాటము పుట్టినది ఇట్లే.

బరువు బయట ఉన్నది. కనుక ఎవరైనను దానిని మార్చవచ్చును. మీటకు ఇంకొక ఇటుక కట్టినచో ఆవిరి ఆగును; పీడనము పెరుగును; యంత్రము మరికొంత బలముగ పనిచేయును. ఆవిరి యంత్రములు గనులకు, మిల్లులకు, రైళ్లకు వ్యాపించిన కొలదియు ఈ దురభ్యాసము కూడ వ్యాపించెను. అమెరికాలో దక్షిణ కరోలినా రైలుమార్గముపై ‘బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్’ అను ఇంజను 1830 డిసెంబరు 25న ప్రయాణికుల బండి నడుపుట ఆరంభించెను. 1831 జూన్ 17న దాని బాయిలరు ప్రేలెను. ఆవిరి పోవుచున్న చప్పుడును సహింపలేక బొగ్గువేయువాడు రక్షణ కవాటమును అదిమిపట్టుటయే కారణమని చరిత్రకారులు చెప్పుదురు. అతడు ఆ ప్రమాదమున మరణించెను. ఆ తరువాత అక్కడి ఇంజనులలో కవాటమును చేతికి అందని చోట అమర్చసాగిరి.

చేతికి అందకుండ చేయుట ఒక మార్గము. కాని దానికంటె తెలివైన మార్గమును 1855లో ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటం కనుగొనెను. ఇతడు లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఇంజనీరు. ఇతడు రెండు కవాటములను ప్రక్కప్రక్కన పెట్టి, రెండింటిని ఒకే అడ్డుమీటతోను, నడుమ ఒకే స్ప్రింగుతోను అదిమి ఉంచెను. మీట కొన డ్రైవరు చేతికి అందును. డ్రైవరు దానిని పైకెత్తినను క్రిందికి నొక్కినను ఏదో ఒక కవాటముపై ఒత్తిడి తగ్గి, ఆవిరి బయటికి పోవును. కవాటము అంటుకొనిపోలేదు గదా అని పరీక్షింపవచ్చును. ఆవిరిని ముందుగ విడువవచ్చును. కాని ఎంత ప్రయత్నించినను రెండు కవాటములను ఒకేసారి బిగింపజాలడు.

ఈ ఏర్పాటులోని సూక్ష్మమును గమనింపుడు. రామ్స్‌బాటం మనుష్యుని జోక్యమును నిషేధింపలేదు. జోక్యమునకు ఒక దిక్కును మాత్రము తెరచి, రెండవ దిక్కును మూసివేసెను. అమ్మ కుక్కరు బరువును ఎత్తునపుడు జరుగునది కూడ ఇదియే.

మన దేశములో 1923 నాటి భారత బాయిలర్ల చట్టము, అనుమతించిన పీడనమున కవాటము పనిచేయకుండునట్లు దానిని మార్చినవారికి శిక్ష విధించెను. 2025లో దాని స్థానమున కొత్త బాయిలర్ల చట్టము వచ్చినది. యంత్రము చేయలేని పనిని చట్టము చేయవలసి వచ్చుట, చట్టము చేయలేని పనిని యంత్రముచే చేయించుట – ఈ రెండును ఆనాటి నుండి కలిసియే నడచుచున్నవి.

రామచంద్రాపురములో

హైదరాబాదు నుండి జహీరాబాదు మీదుగా పూనా పోవు 65వ జాతీయ రహదారిపై ప్రయాణించినచో ఈ చరిత్ర తరువాతి ఘట్టములన్నియు వరుసగ కనబడును. మొదట వచ్చునది రామచంద్రాపురము. 1960 దశకములో చెకొస్లొవేకియా సహకారముతో ఇక్కడ భారీ విద్యుత్ యంత్రముల కర్మాగారము వెలసెను. అదియే నేటి బి.హెచ్.ఇ.ఎల్. ఇందు టర్బైనులు, కంప్రెసరులు తయారగుచున్నవి.

మన దేశములో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహించును. ఇందుకు రెండు ధ్రువముల జెనరేటరును త్రిప్పు టర్బైను నిమిషమునకు 3,000 సారులు తిరుగవలెను. వేగము తప్పకుండ చూచుటకు గవర్నరు అను సాధనము ఉండును. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రమునకు అమర్చిన తిరుగుడు గుండ్లే దీనికి మూలము. గవర్నరుకు ఎంత వేగము కావలెనో ఆపరేటరు చెప్పవచ్చును. అది అతని అధికారము. కాని గవర్నరే చెడిపోయినచో? అందుకై వేరుగ ఒక అతివేగ నిరోధకము ఉండును. వేగము నిర్ణీత మితిని – సాధారణముగ పదింట ఒక వంతు అధికమును, అనగా సుమారు 3,300 భ్రమణములను – చేరగనే అది ఆవిరిని పూర్తిగ ఆపివేయును. టన్నుల బరువు గల ఇనుము ముక్కలై ఎగిరిపోకుండ కాపాడునది ఇదియే. పని జరుగుచుండగా దీనిని అడ్డగించుటకు ఆపరేటరుకు మీట ఇవ్వరు.

మరల కుక్కరు మూతయే గదా! గవర్నరు బరువు వంటిది. నిరోధకము కరుగు బిళ్ల వంటిది.

ఓస్లో నుండి వచ్చిన మాట

ఇక ప్రోగ్రాముల చరిత్రకు వత్తము. నార్వే రాజధాని ఓస్లోలో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సిమ్యులా 67 అను భాషను నిర్మించిరి. ఒక వర్గము నుండి మరియొక ఉపవర్గము పుట్టవచ్చుననియు, తల్లి వర్గము ‘వర్చువల్’ అని గుర్తు పెట్టిన పనిని పిల్ల వర్గము తన రీతిలో మార్చుకొనవచ్చుననియు ఈ భాషలో ఏర్పాటు చేసిరి. ప్రోగ్రాములలో తోసిరాజనుటకు ఇది పుట్టినిల్లు. వీరిరువురికిని 2001వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించెను.

అప్పటినుండి భాషలు ఇటునటు ఊగులాడుచునే ఉన్నవి. 1970 దశకములో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయమున పుట్టిన స్మాల్‌టాక్ భాషలో ఏ పనినైనను పిల్ల వర్గము మార్చవచ్చును. 1980 దశకములో బ్యార్నె స్ట్రౌస్ట్రప్ రూపొందించిన సి++ భాషలో, గుర్తు పెట్టిన వానినే మార్చవలెను. 1995లో వచ్చిన జావా మరల తలుపులు తెరచెను. మార్చరాదని ప్రత్యేకముగ ‘ఫైనల్’ అని వ్రాసిననే మూయబడును. 2002లో విడుదలైన సి# మరల మూసెను. తెరచు తల్లియు, మార్చు పిల్లయు ఇద్దరును ఆ మాటను పైకి చెప్పి తీరవలెను. 2016లో మొదటి పూర్తి రూపము దాల్చిన కోట్లిన్ భాషలో ‘ఓపెన్’ అని వ్రాయనిచో వర్గమే మూసియుండును. మన పిల్లలు పాఠశాలలో నేర్చుచున్న పైథాను భాష మాత్రము తలుపులకు దాదాపుగ తాళములే పెట్టదు.

ఇందరు మేధావులు ఏబది ఏండ్లకు పైగా ఏకాభిప్రాయమునకు రాలేదనిన, రెండు వైపులను బలమైన కారణములు ఉండవలెను. వానిని ఒక్కొక్కటిగ చూతము.

మూడు డ్రమ్ములు ఆరైన వైనము

పటాన్‌చెరులో ఒక మందుల కర్మాగారపు గిడ్డంగికి ప్రోగ్రాము వ్రాయుచున్నామని అనుకొందము. చట్రములో ‘జాబితా’ అను వర్గము కలదు. దానికి రెండు పనులు తెలియును: ‘ఒకటి చేర్చు’, ‘పలు చేర్చు’. ఎన్ని డ్రమ్ములు వచ్చినవో లెక్క కావలెనని మనము ఈ రెండు పనులను తోసిరాజని, ఒకటి చేర్చినపుడు లెక్కకు 1, పలు చేర్చినపుడు వచ్చినన్ని కలుపునట్లు వ్రాసితిమి. ఆపై అసలు పనిని తల్లి వర్గమునకే అప్పగించితిమి. ఒక లారీలో మూడు డ్రమ్ములు వచ్చినవి. లెక్క 6 చూపినది!

ఎక్కడ పొరబడితిమి? తల్లి వర్గములోని ‘పలు చేర్చు’ అను పని లోలోపల ‘ఒకటి చేర్చు’ అను పనినే మూడుసారులు పిలుచుచున్నది. మొదట మనము 3 కలిపితిమి. తరువాత మన ‘ఒకటి చేర్చు’ మూడుసారులు నడచి మరి 3 కలిపినది. పోనీ, ‘పలు చేర్చు’లో లెక్కపెట్టుట మానివేసితిమి. ఇప్పుడు లెక్క సరిపోయినది. మరుసటి ఏడు చట్రము వ్రాసినవారు వేగము కొరకు ‘పలు చేర్చు’ను తిరుగవ్రాసి, లోపల ‘ఒకటి చేర్చు’ను పిలుచుట మానిరి. ఇప్పుడు లారీకి లెక్క 0.

వారు తప్పు చేయలేదు; మనము తప్పు చేయలేదు. కాని వారి ఇంటి లోపలి అమరికపై మనము తెలియక ఆధారపడితిమి. ఈ చిక్కును జాషువా బ్లాక్ 2001లో ప్రకటించిన జావా గ్రంథమున విశదీకరించెను. మార్చుకొనుటకు వీలుగ ఆలోచించి, ఆ వీలును వివరించి వ్రాయవలెను. లేనిచో మూసివేయవలెను – అని ఆయన సిద్ధాంతము. మూయవలెననువారి పక్షమున ఇంతకంటె బలమైన వాదము లేదు. తలుపు తెరచి ఉంచినచో చట్రము వ్రాసినవాడు తన ఇంటిలో ఒక గోడను కూడ కదపలేడు. ఎవడు దానిపై ఇల్లు కట్టుకొనెనో అతనికి తెలియదు.

‘జ్ఞా’ కథ

అట్లయిన అన్నియు మూసివేయుదమా? దానికి సమాధానము మన భాషయే చెప్పినది.

2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు ఒక వింత రోగము వచ్చెను. ‘జ్ఞా’ అను తెలుగు అక్షరమును, నడుమ కంటికి కనబడని ఒక సంకేతము గల ప్రత్యేక వరుసలో ఎవరైన సందేశముగ పంపినచో, అందుకొన్న వారి సందేశముల ప్రోగ్రాము కూలిపోవుచుండెను. ఒక్క ప్రోగ్రాము కాదు. పలు సంస్థలవారు వ్రాసిన వేర్వేరు ప్రోగ్రాములకు అదే గతి పట్టెను. కారణమేమనగా, అక్షరమును తెరపై గీయు పని వారిలో ఎవరిదియు కాదు. అది ఫోనుతో వచ్చిన మూలచట్రముది. అందలి లోపమును ఆ ప్రోగ్రాములు వ్రాసినవారు తొలగింపజాలరు. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ దిద్దుబాటు పంపువరకు కాచుకొనవలసి వచ్చెను. విజ్ఞానమనెడి పదములోని అక్షరమే ఫోనులను పడగొట్టుట విచిత్రము. అయినను అందులోని పాఠము గంభీరమైనది: చట్రము వ్రాసినవాడు ఎంత నిపుణుడైనను, అందరి అవసరములను ముందుగ ఊహింపజాలడు.

ఇంత కోలాహలము లేని ఉదాహరణములు ఎన్నో కలవు. మన లెక్కలో 12,34,567 అని వ్రాయుదుము. అంకెలను మూడేసి చొప్పున మాత్రమే విడదీయ నేర్చిన సాధనము 1,234,567 అని చూపును. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. పాశ్చాత్యుల ఫారము దానిని చివర వ్రాయుమని పట్టుబట్టును. చట్రములో తోసిరాజనుటకు వీలున్నచో సంగారెడ్డిలోని ప్రోగ్రాము రచయిత అరగంటలో దీనిని సవరించుకొనును. వీలు లేనిచో లక్షలు, కోట్లు ఎరుగని లెక్కనే రైతుకు చూపవలసి వచ్చును. కనుక తోసిరాజను హక్కు అన్నిచోట్లను అల్లరి పిల్లవాని కోరిక కాదు. దూరమున ఉన్నవాడు తన అవసరమును చెప్పుకొను మార్గము కూడ అదియే.

రెండు వైపులను ప్రాణనష్టము

తోసిరాజనుట మరీ తేలికైనచో ఏమగునో 1985, 1987 సంవత్సరముల మధ్య తెలిసినది. పుట్టకురుపు రోగులకు కిరణచికిత్స చేయు థెరాక్-25 అను కెనడా యంత్రము అమెరికా, కెనడా ఆసుపత్రులలో ఆరుసారులు మితిమీరిన మోతాదు నిచ్చెను. కనీసము ముగ్గురు మరణించిరి. వెనుకటి నమూనాలలో ప్రమాదమును అడ్డగించు ఇనుప ఏర్పాటులు, విద్యుత్ ఏర్పాటులు ఉండెడివి. ఇందులో వానిని తొలగించి, ఆ భారమును ప్రోగ్రాముపై మోపిరి. ప్రోగ్రాములో లోపములు ఉండెను. లోపము తగిలినపుడు తెరపై అర్థము కాని ఒక సంఖ్య కనబడును. ఆపరేటరు ‘పి’ అను ఒక్క మీటను నొక్కి ముందుకు పోవచ్చును. ఇట్టి హెచ్చరికలు తరచుగ వచ్చుచుండుటచే వారికి ఆ మీట నొక్కుట అలవాటైపోయెను. హెచ్చరికను తోసిరాజనుట ఒక ఆలోచనగ మిగులలేదు, వ్రేలి అలవాటైపోయినది.

తోసిరాజనుట మరీ కష్టమైనచో ఏమగునో 2018, 2019 సంవత్సరములలో తెలిసినది. బోయింగ్ 737 మాక్స్ విమానములో ముక్కును తనంతట క్రిందికి దించు ఒక ప్రోగ్రామును అమర్చిరి. దాని ఉనికినే మొదట పైలట్లకు తెలుపలేదు. ఒక్క కొలత సాధనము తప్పు చెప్పినను ఆ ప్రోగ్రాము దానిని నమ్మి, పైలట్లు ముక్కును పైకెత్తిన కొలదియు మరల మరల దించెను. 2018 అక్టోబరు 29న ఇండొనేషియాలోను, 2019 మార్చి 10న ఇథియోపియాలోను రెండు విమానములు కూలి మొత్తము 346 మంది మరణించిరి.

మొదటి ఉదాహరణమును చూచి “అన్నియు మూయుడు” అనువారు రెండవదానికి జవాబు చెప్పవలెను. రెండవదానిని చూచి “అన్నియు తెరువుడు” అనువారు మొదటిదానికి జవాబు చెప్పవలెను. తెరచుటా, మూయుటా అను ప్రశ్నయే అసంపూర్ణమని దీనివలన తేలుచున్నది. ఏ తలుపు, ఏ దిక్కునకు, ఎవరి ఎరుకలో అని అడుగవలెను.

పటాన్‌చెరు ప్రయోగశాలలో

మరల మన రహదారికి వత్తము. రామచంద్రాపురము దాటినచో పటాన్‌చెరు. 1972లో స్థాపితమైన మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇక్కడనే ఉన్నది. 1970 దశకము నుండి పెరిగిన పారిశ్రామికవాడలో మందులు, రసాయనములు తయారుచేయు కర్మాగారములు అనేకము కలవు.

ఇట్టి కర్మాగారములలో రసాయనములు కలియు పెద్ద పాత్రలను రియాక్టరు లందురు. లోపలి వేడి మితిమీరినచో ఆవిరి మూసికొని, చల్లని నీరు తెరచుకొనునట్లు నియంత్రణ కంప్యూటరులో ఏర్పాటు ఉండును. దీనిని ఇంటర్‌లాకు అందురు. ఒక్కొక్కప్పుడు వేడిని కొలచు సాధనమే చెడిపోవును. దానిని మార్చునంతసేపు ఆ ఇంటర్‌లాకును ప్రక్కకు పెట్టక తప్పదు. మంచి పద్ధతి గల కర్మాగారములలో దీనికి వ్రాతపూర్వకమైన అనుమతి ఉండును; ఎంతసేపు అను గడువు ఉండును; అంతసేపును వేరొక విధముగ వేడిని గమనించువారు ఉందురు; గడువు తీరగనే యథాస్థితి రావలెను.

2025 జూన్ 30న పాశమైలారము పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో దూరరాష్ట్రముల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు పలువురు. దాని కారణములను తేల్చుట విచారణ చేయువారి పని. ఈ వ్యాసపు వాదమునకు దానిని సాక్ష్యముగ వాడుట న్యాయము కాదు. కాని ఆ ప్రాంతమున రక్షణ ఏర్పాటులను గూర్చిన ఏ ప్రశ్నయు పుస్తకపు ప్రశ్న కాదని చెప్పుటకు ఆ ఒక్కరోజు చాలును.

ఇక ఆ కర్మాగారముల ప్రయోగశాలలను చూతము. మందులో కల్తీ ఎంత ఉన్నదో ద్రవ క్రొమటోగ్రఫీ అను పద్ధతిచే కొలుతురు. ఫలితము తెరపై శిఖరములు గల గీతగ వచ్చును. ఒక్కొక్క శిఖరము క్రింది వైశాల్యము ఒక్కొక్క పదార్థపు పరిమాణమును తెలుపును. శిఖరము ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసెనో ప్రోగ్రాము తనంతట నిర్ణయించును. రెండు శిఖరములు ఒకదానిపై నొకటి పడినపుడు ప్రోగ్రాము పొరబడవచ్చును. అప్పుడు రసాయనజ్ఞుడు తన చేతితో గీత గీసి ఆ నిర్ణయమును తోసిరాజనవచ్చును. కాని అదే చేతితో, నిజముగ ఉన్న కల్తీని చిన్నదిగ చేసి చూపుట కూడ సాధ్యమే! ఆ మందును మ్రింగు రోగి ఎక్కడనో ఉన్నాడు.

అమెరికా ఆహార ఔషధ సంస్థ 1997లో దీనికి ఒక నియమావళిని ప్రకటించినది. ఆ దేశమునకు మందులు పంపు మన కర్మాగారములును దానిని పాటింపవలసినవే. మార్పును అది నిషేధింపలేదు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో కంప్యూటరే తనంతట వ్రాసికొనవలెననియు, మార్పు వలన వెనుకటి విలువ చెరగిపోరాదనియు శాసించెను. మార్చుటకు కారణము కూడ వ్రాయించుట మంచి ప్రయోగశాలల ఆచారము. ఇట్టి ప్రోగ్రాములో గీతను మార్చుట తెరచిన తలుపు. మార్పును నమోదు చేయుట ప్రయోగశాలలో పనిచేయువారికి మూసిన తలుపు. పాపిన్ నాటి నుండి వెదకిన సమాధానము ఇందులో చాలవరకు కలదు.

మూడు నియమములు

ఈ చరిత్ర నుండి చట్రము వ్రాయువారికి మూడు నియమములు దొరకుచున్నవి.

మొదటిది, తలుపు తలుపుగ కనబడవలెను. మార్చుటకు వీలైన పనులేవో చట్రము వ్రాసినవాడే ముందుగ ఎంచి, వాని లోపలి సంబంధములతో సహా ప్రకటింపవలెను. కుక్కరు బరువు ఎత్తుటకు అనువుగ ఉన్నది, బిళ్ల లేదు. మూడు డ్రమ్ములు ఆరగుట, తలుపు కాని చోట గోడకు కన్నము పెట్టినందువలన జరిగినది.

రెండవది, మార్పు మాట తప్పరాదు. తల్లి వర్గము లోకమునకు ఒక మాట ఇచ్చియుండును: ఇంత ఇచ్చినచో ఇంత చేసెదనని. పిల్ల వర్గము అంతకంటె తక్కువ అడుగవచ్చును, అంతకంటె ఎక్కువ చేయవచ్చును. దీనికి విరుద్ధముగ మాత్రము నడువరాదు. బెర్‌ట్రాండ్ మేయర్ 1980 దశకములో దీనినే ఒప్పందపు పద్ధతిగ చెప్పెను. 1987లో బార్బరా లిస్కోవ్ ఒక ప్రసంగములో వివరించి, 1994లో జానెట్ వింగ్‌తో కలిసి గణితరీత్యా నిరూపించిన సూత్రము కూడ ఇట్టిదే. రామ్స్‌బాటం అదే సంగతిని 1855లో ఇనుముతో చెప్పినాడు: మీటను ఎటు కదిపినను ఆవిరి పోవును గాని బిగియదు.

మూడవది, మార్పు జాడ మిగులవలెను. థెరాక్ యంత్రము ముందు కూర్చున్న ఆపరేటరు ఒక్క మీట నొక్కెను; ఎందుకని ఎవరును అడుగలేదు. ప్రయోగశాలలో గీత మార్చు రసాయనజ్ఞుడు తన పేరు, కారణము చెప్పి మార్చును. ఇద్దరును తోసిరాజన్నవారే. మొదటివాని చర్యను పరీక్షించు అవకాశము లేదు. రెండవవాని చర్యను పదేండ్ల తరువాత కూడ పరీక్షింపవచ్చును.

ఈ మూడింటిని పాటించినచో మూసిన తలుపులు కొలదిగనే చాలును. ఒకరి పొరపాటు వేరొకరి ప్రాణమును తీయు చోట, ఆ వేరొకరు తమ అభిప్రాయము చెప్పుటకు ఎదుట లేనిచోట, తాళము వేయుట న్యాయము. మిగిలినచోట్ల తెరచి ఉంచి, జాడ వ్రాయుట మేలు.

తరగతిలో

65వ రహదారిపై ఇంకను ముందుకు పోయినచో, సంగారెడ్డికి చేరువలో కంది గ్రామము వచ్చును. 2008లో ఎద్దుమైలారములోని తాత్కాలిక ఆవరణలో మొదలైన హైదరాబాదు ఐ.ఐ.టి. 2015లో ఇక్కడి సొంత ప్రాంగణమునకు చేరినది. రామచంద్రాపురము, పటాన్‌చెరు, పాశమైలారములలోని యంత్రములను నడుపబోవు ప్రోగ్రాములను ఇట్టి విద్యాలయముల విద్యార్థులు వ్రాయుదురు. నేటి మన ఉన్నత పాఠశాల పిల్లలే రేపు అక్కడ కూర్చుందురు. వారికి ఈ పాఠమును చెప్పుటకు కంప్యూటరు కూడ అక్కరలేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఫ్యూజు సంగతి ప్రస్తావింపవచ్చును. ఫ్యూజు తీగ పదేపదే కరిగిపోవుచున్నదని విసిగి, దాని స్థానమున లావు రాగి తీగ వేసిన ఇండ్లను పిల్లలు చూచియే ఉందురు. అది రక్షణ కవాటమునకు ఇటుక కట్టుట వంటిది. నేడు అనేక గృహములలో ఫ్యూజునకు మారుగ ఎం.సి.బి. అను మీట ఉన్నది. దాని మీటను ఎవరైన వ్రేలితో పైకే అదిమిపట్టి ఉంచినను, విద్యుత్తు మితిమీరినపుడు లోపలి భాగము విడిపోయి ప్రవాహము ఆగును. మీట మనది, విడిపోవు నిర్ణయము మనది కాదు.

ఇంటిలోను, పొలములోను, బస్సులోను ఇట్టి సాధనములను – ముట్టుకొనకుండ, చూచి మాత్రమే – పది గుర్తించి వ్రాయుమని పిల్లలను అడుగుడు. ప్రతిదానికిని ఎదురుగ మూడు గడులు గీయించుడు: మనుష్యుడు దీనిని తోసిరాజనగలడా? ఏ దిక్కునకు? జాడ మిగులునా? మూడవ గడిలో ఎక్కువగ “లేదు” అనియే వచ్చును. ఆ “లేదు”లలో దేనిని “అవును” చేయవలెనో, ఎట్లు చేయవలెనో వారినే చెప్పనిండు.